తొంభై తొమ్మిదిన్నర శాతం కలిసినా పేరు తప్పే

"షిగా విషం జన్యువు: ఉపరకం 2ఏ. పోలిక 99.5 శాతం." రక్తవిరేచనాలు తెచ్చే ఈ. కోలి బ్యాక్టీరియా జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ) రిపోర్టుల్లో ఇలాంటి వరుస తరచు కనబడుతుంది. షిగా విషం ఆ బ్యాక్టీరియా వదిలేదే. చూసినవాళ్లు ఇంకేం కావాలి అనుకుని పేజీ తిప్పేస్తారు. ఒక్కసారి లెక్క వేసి చూడండి. షిగా విషం 2లో ఏ అనే పెద్ద ముక్క 319 అమైనో ఆమ్లాలు, బీ అనే చిన్న ముక్క 89. రెండూ కలిపి 408. అందులో రెండు మారితే పోలిక 99.5 శాతం దగ్గరే ఉంటుంది. మారిన ఆ రెండూ 2ఏ, 2సీ, 2డీలను విడదీసే స్థానాలే అయితే, అంకె ఎంత ఘనంగా ఉన్నా రాసిన పేరు తప్పు.

కల, కళ. రెంటికీ తేడా ఒక్క అక్షరం. పేజీ మొత్తంలో ఎన్ని అక్షరాలు కలిశాయో లెక్కగట్టి అక్కడున్నది ఏ మాటో చెప్పలేం. ఆ అక్షరం దగ్గరికే వెళ్లి చూడాలి. విషజన్యువుల వర్గీకరణలో కూడా శాతం చేయగలిగింది ఏ వీధిలో వెతకాలో చెప్పడమే. ఇల్లు పట్టుకోవాలంటే నిర్ణాయక స్థానాల్లో ఏ ఆమ్లం ఉందో విడిగా చదవాలి. చదవడానికి డేటా చాలకపోతే "తేలలేదు" అని రాయాలి. నా వాదన ఇంతే. కానీ దీని వెనక ఉన్న చిక్కులు చాలా ఉన్నాయి.

ముందు విషం సంగతి కొంచెం. 1897లో జపాన్‌లో రక్తవిరేచనాలు ప్రబలినప్పుడు కియోషి షిగా ఆ బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. విషానికి ఆయన పేరే నిలిచింది. 1977లో కొన్ని ఈ. కోలి రకాలు కూడా వీరో కణాలను (కోతి మూత్రపిండం నుంచి తీసి ల్యాబ్‌లో పెంచేవి) చంపే విషాన్ని వదులుతాయని తెలిసింది. 1982లో అమెరికాలోని ఒరెగాన్, మిషిగన్ రాష్ట్రాల్లో హ్యాంబర్గర్లు తిన్నవారికి రక్తవిరేచనాలు పట్టుకున్నాక ఓ157:హెచ్7 అనే ఈ. కోలి రకం పేరు లోకానికి తెలిసింది. విషం పనిచేసే తీరు మహా పొదుపైనది. అయిదు బీ ముక్కలు చక్రంలా చేరి కణం పైనున్న జీబీ3 అనే కొవ్వు-చక్కెర అణువును పట్టుకుంటాయి. ఏ ముక్క లోపలికి దూరి, రైబోజోమ్‌లోని ఆర్‌ఎన్‌ఏ నుంచి ఒకే ఒక్క అడినీన్‌ను తుంచేస్తుంది. అంతటితో ఆ రైబోజోమ్ ప్రోటీన్ తయారీ మానేస్తుంది. జీబీ3 మూత్రపిండాల సూక్ష్మ రక్తనాళాల గోడల్లో ఎక్కువ. అందుకే కొందరిలో, ముఖ్యంగా చిన్నపిల్లల్లో, విరేచనాలు మొదలైన వారం అటూఇటూగా ఎర్రకణాలు చిట్లి, ప్లేట్‌లెట్లు పడిపోయి, మూత్రపిండాలు మొరాయిస్తాయి. దాన్నే హెచ్‌యూఎస్ అంటారు.

అక్షరాల గొడవ

2012లో ఒక అంతర్జాతీయ బృందం అప్పటిదాకా ఎవరి ఇష్టం వారిదిగా ఉన్న పేర్లను దారిలో పెట్టింది. విషం రెండు రకాలు, 1, 2. షిగా విషం 1లో ఏ, సీ, డీ అని మూడు ఉపరకాలు. విషం 2లో ఏ నుంచి జీ దాకా ఏడు. ఉపరకం కిందికి వస్తే, ఫలానా సీరోగ్రూపు (బ్యాక్టీరియా పైపొరలోని అణువులను బట్టి చేసే విభజన, ఓ157 లాంటిది), ఫలానా స్ట్రెయిన్ (ఒక బ్యాక్టీరియా వంశం) అని చెప్పే వేరియంట్ పేరు: 2ఏ-ఓ157-ఈడీఎల్933 లాగా. ఆ తరువాత అక్షరాలు ముందుకు జరుగుతూనే ఉన్నాయి. టిబెట్ పీఠభూమిలోని మార్మోట్ల (ఉడుత జాతి జంతువుల) నుంచి 2హెచ్ దొరికింది, ఇంకొన్ని అక్షరాలు దాని వెనకే వచ్చాయి. 2012 నాటి డేటాబేస్‌తో నేడు వెతికితే, కొత్త అక్షరం పడాల్సిన జన్యువు దగ్గరి పాత అక్షరం కింద జమపడుతుంది. డేటాబేస్ తేదీ రాయని రిపోర్టును నేను సగమే నమ్ముతాను.

పాత సాహిత్యం చదివేవారికి ఇంకో గుంత ఉంది. 2012కు ముందు వ్యాసాల్లో "2డీ" అని రాసినవాటిలో కొన్ని ఇప్పటి లెక్కలో 2బీ. ఓ118 సీరోగ్రూపుకు చెందిన ఈహెచ్250 స్ట్రెయిన్ విషం అలాంటిదే. ఇది ఇంటిపేరు మార్చుకున్నంత తేలికైన విషయం కాదు. ఇప్పటి 2డీ పేగులోని జిగురు తగిలితే మరింత పదునెక్కే విషం. 2బీకి ఆ గుణం లేదు, సాధారణంగా తేలికపాటి జబ్బుతోనే కనబడుతుంది. పాత పట్టికలోని 2డీ రోగుల సంఖ్యను యథాతథంగా తెచ్చి కొత్త పట్టికలో కలిపితే, ప్రమాదకరమైన విషం ఉత్తపుణ్యానికి సాధువైపోతుంది.

స్థానాల అంకెల్లోనూ తిరకాసు ఉంది. ఏ ముక్క తయారైనప్పుడు దాని తలపై 22 ఆమ్లాల సంకేత భాగం ఉంటుంది. బయటికి వచ్చేటప్పుడు అది తెగిపోతుంది. విషం 2లో బీ ముక్కకు ఆ భాగం 19. కొందరు పూర్తి గొలుసును లెక్కపెడతారు, కొందరు తెగిన తరువాతి దాన్ని. కాబట్టి ఒకరి 291 ఇంకొకరి 313. ఒకరి 297 ఇంకొకరి 319. బీ ముక్కలో 16వ స్థానం, 35వ స్థానం ఒకటే. స్క్రిప్టు రాసేటప్పుడు ఇది మరచిపోతే ప్రోగ్రాం ఆగదు, ఎర్ర అక్షరాల్లో ఏమీ చెప్పదు. నెమ్మదిగా తప్పుడు ఆమ్లాన్ని చదివి, ధీమాగా తప్పుడు పేరు రాస్తుంది. ఇక్కడి నుంచి నేను పూర్తి గొలుసు అంకెలే వాడతాను.

ముగ్గురి ముడి

2బీ, 2ఈ, 2ఎఫ్, 2జీలను గుర్తించడం పెద్ద కష్టం కాదు. వాటి వరుసలు తగినంత దూరంగా ఉంటాయి. ముడి అంతా 2ఏ, 2సీ, 2డీల దగ్గరే. విడదీసేది మూడు చోట్ల చూపు: ఏ ముక్కలో 313, 319, బీ ముక్కలో 35. బీ 35లో ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటే 2ఏ వైపు. అక్కడ ఆస్పరజీన్ ఉంటే 2సీ గానీ 2డీ గానీ. ఆస్పరజీన్‌తో పాటు ఏ 313లో సెరీన్, 319లో గ్లుటామిక్ ఆమ్లం రెండూ ఉంటే 2డీ. 313లో ఫినైల్ అలనీన్ ఉంటే 2సీ.

గమనించాల్సింది ఏమంటే, ఈ మూడింట్లో ఏ ఒక్కటీ ఒంటరిగా సాక్ష్యం చెప్పలేదు. 313లో సెరీన్ కొన్ని 2ఏ విషాల్లోనూ ఉంటుంది. అందుకే ఏ ముక్క ఒక్కదాన్నే చదివి పేరు పెట్టే పద్ధతులు ఇక్కడ బోల్తా కొడతాయి. రెండు ముక్కలనూ, అదీ ఒకే ఆపెరాన్ (పక్కపక్కనే ఉండి కలిసి పనిచేసే జన్యువుల జట్టు) నుంచి వచ్చినవాటిని, కలిపి చూడాలి. మూడు స్థానాల కలయిక పై మూడింట్లో దేనికీ సరిపోకపోతే దాన్ని బలవంతంగా ఒక గూట్లో కుక్కకూడదు.

ఇంత చిన్న తేడాకు జీవశాస్త్రంలో విలువ ఉందా? ఉంది. పేగు జిగురులోని ఎలాస్టేస్ అనే ఎంజైమ్ 2డీ ఏ ముక్క చివర ఉన్న రెండు ఆమ్లాలను కత్తిరిస్తుంది. కత్తిరించాక విషం ముందుకంటే ఘాటుగా పనిచేస్తుంది. ఆ చిట్టచివరి ఆమ్లమే మనం చూస్తున్న 319. అంటే వర్గీకరణకు ఎంచుకున్న స్థానం లెక్కల సౌలభ్యం కోసం ఎంచుకున్నది కాదు, విషం పదునెక్కే చోటే అది.

పీసీఆర్‌తో చేసేవారికి

జీనోమ్ చదివించే సదుపాయం అందరికీ ఉండదు కాబట్టి పీసీఆర్‌ను, అంటే ఎంచుకున్న డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని కాపీలు తీసి గుర్తించే పరీక్షను, చిన్నచూపు చూడక్కర్లేదు. కాకపోతే ఈ పరీక్షలో వేడిమే న్యాయమూర్తి. 2ఏ, 2సీ, 2డీ ప్రైమర్లను (వెతికే జన్యువుకు అతుక్కునే పొట్టి డీఎన్‌ఏ ముక్కలను) వేరుచేసేవి కొద్దిపాటి డీఎన్‌ఏ అక్షరాలే కనుక, ప్రైమర్ అతుక్కునే దశను 64 నుంచి 66 డిగ్రీల సెల్సియస్ మధ్య నడపాలి. రెండు డిగ్రీలు తగ్గిస్తే జెల్ మీద బ్యాండ్లు (దొరికిన డీఎన్‌ఏ గీతలు) అందంగా, మందంగా వస్తాయి. కానీ 2డీ మాత్రమే ఉన్న స్ట్రెయిన్ 2ఏకు కూడా పాజిటివ్ అని చెబుతుంది. బ్యాండు పలచగా ఉందని వేడి తగ్గించడం మామూలు పీసీఆర్‌లో చెల్లే చిట్కా, ఇక్కడ మాత్రం అది చేటు.

యంత్రం తెరపై 64 అని చూపినంత మాత్రాన గొట్టంలో 64 ఉండదు. బ్లాకు అంచుల్లోని గుంతలకూ మధ్యలోని వాటికీ తేడా వస్తుంది. అందుకని ప్రతి ప్రైమర్ జతతోనూ తన సొంత ఉపరకం కంట్రోల్ (ఉపరకం ముందే తెలిసిన నమూనా) ఒక్కటే కాక, పక్క ఉపరకాల కంట్రోళ్లు కూడా నడపాలి. 2ఏ ప్రైమర్లున్న గొట్టంలో 2డీ కంట్రోల్ బ్యాండు ఇచ్చిందంటే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టి, ఒక డిగ్రీ పెంచి మళ్లీ చేయాలి. ఏ విషమూ లేని కే-12 అనే ల్యాబ్ ఈ. కోలి స్ట్రెయిన్‌ను నెగటివ్‌గా ఉంచడం ఎలాగూ తప్పదు.

ఈ మూడు పరీక్షలనూ ఒకే గొట్టంలో కలపకండి. 2సీకి వచ్చే ముక్క 177 బేస్ జతలు, 2డీకి వచ్చేవాటిలో ఒకటి 179. ఏ అగరోజ్ జెల్ మీదా ఆ రెండు జతల తేడా కంటికి ఆనదు. విషం 1 ఉపరకాల సంగతి వేరు. 1ఏకు 478, 1సీకి 252, 1డీకి 203 కాబట్టి మూడూ ఒకే గొట్టంలో హాయిగా సర్దుకుంటాయి.

ఒకే స్ట్రెయిన్ 2ఏకూ 2సీకీ రెంటికీ పాజిటివ్ వచ్చినప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. అది ప్రైమర్ పొరపాటు కావచ్చు, నిజంగానే రెండు విషాలూ ఉండొచ్చు. ఓ157లో రెండూ మోసే స్ట్రెయిన్లు అరుదేం కాదు. 66 డిగ్రీల దగ్గరా రెండు బ్యాండ్లూ నిలబడితే, ఒంటరి కాలనీని మళ్లీ గీసి, దాని నుంచే డీఎన్‌ఏ తీసి చేయాలి. అప్పటికీ నిలిస్తే సీక్వెన్సింగే దారి.

జీనోమ్ ఉంటే సరిపోతుందా

సీక్వెన్సింగ్ రాగానే గొడవ తీరిపోయిందని అనుకునేవారితోనే నాకు అసలు పేచీ. షిగా విషం జన్యువులు ఫేజ్‌లలో, అంటే బ్యాక్టీరియా క్రోమోజోమ్‌లో కాపురం పెట్టిన వైరస్‌లలో ఉంటాయి. ఒక్కొక్కటి దాదాపు 60 వేల డీఎన్‌ఏ అక్షరాలు. సకాయ్ అనే ఓ157 స్ట్రెయిన్ జీనోమ్‌లో ఇలాంటి ఫేజ్‌లు, ఫేజ్ అవశేషాలు 18 లెక్క తేలాయి. వాటిలో పొడవాటి భాగాలు ఒకదాన్నొకటి అచ్చుగుద్దినట్టు ఉంటాయి. 150 అక్షరాల పొట్టి రీడ్లతో (యంత్రం ఒక్కోసారి చదివే ముక్కలతో) ఈ ఇళ్లను విడదీయమని అసెంబ్లర్‌ను (ఆ ముక్కలను అతికే ప్రోగ్రాంను) అడగడం కవల పిల్లల ఫొటో ముక్కలు కలిపేసి రెండు ఫొటోలు అతికించమన్నట్టే.

ఏమవుతుందంటే, 2ఏ, 2సీ రెండూ ఉన్న స్ట్రెయిన్‌లో అసెంబ్లర్ రెంటినీ ఒక్కటిగా నలిపేస్తుంది. ఒక్కోసారి జన్యువు మధ్యలో కాంటిగ్ (రీడ్లు అతికి వచ్చిన పొడవాటి వరుస) తెగిపోతుంది. ఒక్కోసారి ఏ ముక్క ఒకదాని నుంచీ బీ ముక్క ఇంకోదాని నుంచీ తెచ్చి, ప్రకృతిలో లేని సంకర విషాన్ని తయారుచేస్తుంది. తరువాత వచ్చే టైపింగ్ ప్రోగ్రాం (ఉపరకం పేరు పెట్టేది) అమాయకంగా దాన్ని చదివి, కొత్త ఉపరకం దొరికిందని ప్రకటిస్తుంది. పొట్టి రీడ్ల నుంచి మాత్రమే పుట్టిన "కొత్త ఉపరకం" వార్త వింటే నాకు ముందుగా వచ్చే అనుమానం ఇదే.

విరుగుడు కష్టమైనదేం కాదు. అసెంబ్లీతో ఆగకుండా, ముడి రీడ్లను 2ఏ రిఫరెన్స్ జన్యువు మీద పరిచి, నిర్ణాయక స్థానాల దగ్గర ఏ అక్షరం ఎన్ని రీడ్లలో ఉందో చూడాలి. బీ 35 దగ్గర రీడ్లన్నీ ఒకే మాట చెబితే సరే. సగం ఆస్పార్టిక్, సగం ఆస్పరజీన్ అంటే రెండు కాపీలున్నట్టు, లేదా కల్చర్ కలగాపులగమైనట్టు. రెంటిలో ఏదో తేల్చడానికి జీనోమ్‌లో మిగతా చోట్ల చూడండి. ఒక్క కాపీ మాత్రమే ఉండే మామూలు జన్యువుల్లోనూ అక్షరాలు చీలి ఉంటే అది కల్చర్ దోషం.

రీడ్ల లోతును (ఒక్కో చోటును ఎన్ని రీడ్లు చదివాయన్న లెక్కను) బట్టి కాపీలు లెక్కపెట్టడం మాత్రం ప్రమాదం. ఇది కొందరికి వింతగా తోచవచ్చు. ఫేజ్ నిద్ర లేస్తే క్రోమోజోమ్ నుంచి విడిపోయి తన కాపీలు తాను తీసుకుంటుంది. రాత్రంతా పెరిగిన కల్చర్‌లో కొన్ని కణాలు ఆ పనిలో ఉంటాయి. దాంతో విషజన్యువు లోతు మిగతా జీనోమ్ కంటే రెట్టింపు కనబడినా, అది రెండో విషం అని అర్థం కాదు. ఫేజ్ ఇంటి చిరునామా చూడటం మేలు. డబ్ల్యూఆర్‌బీఏ, వైఈహెచ్‌వీ, ఏఆర్‌జీడబ్ల్యూ, ఎస్‌బీసీబీ వంటి జన్యువుల దగ్గర ఈ ఫేజ్‌లు దూరుతాయి. సకాయ్ స్ట్రెయిన్‌లో విషం 2 ఫేజ్ డబ్ల్యూఆర్‌బీఏలో, విషం 1 ఫేజ్ వైఈహెచ్‌వీలో ఉన్నాయి. ఏ చోటు చెక్కుచెదరకుండా ఉందో, ఏది రెండుగా చీలిందో చూస్తే ఎన్ని ఫేజ్‌లు కాపురం ఉన్నాయో ఊహించడానికి ఆధారం దొరుకుతుంది.

పొడవాటి రీడ్లు ఈ ముడిని చాలావరకు విప్పేస్తాయి. ఒక రీడ్ మొత్తం ఫేజ్‌ను దాటి అటూ ఇటూ ఉన్న క్రోమోజోమ్‌ను తాకితే ఇక వాదన లేదు. కానీ నానోపోర్ అనే పద్ధతిలో వచ్చే పొడవాటి రీడ్లలో ఒకే అక్షరం వరుసగా వచ్చేచోట ఒకటి తగ్గడమో పెరగడమో ఉంది. విషజన్యువులో అలా ఒక్క అక్షరం జారితే ప్రోటీన్ అక్కడి నుంచి అడ్డదిడ్డమై, జన్యువు చెడిపోయింది అనే మాట రిపోర్టులోకి ఎక్కుతుంది. నిజంగా చెడిపోయిన జన్యువులూ ఉన్నాయి, మధ్యలో చొరబడ్డ ఇన్‌సర్షన్ సీక్వెన్స్‌తో (చోటు మారే డీఎన్‌ఏ ముక్కతో) తెగినవి. వాటికీ యంత్ర దోషానికీ తేడా చూడకుండా, ఈ స్ట్రెయిన్ విషం చేయదు అని రాయడం మాత్రం క్షమించరాని పని.

టైపింగ్ ప్రోగ్రాంలలో మంచివి ఇప్పుడు ఈ సంగతులను విడిగా చెబుతున్నాయి. అమెరికాలోని జన్యు సమాచార కేంద్రం ఎన్‌సీబీఐ తయారుచేసిన ఎస్‌టీఎక్స్ టైపర్ ఏ, బీ ముక్కలను ప్రోటీన్ స్థాయిలో కలిపి చదివి, ఆపెరాన్ పూర్తిగా ఉందా, కాంటిగ్ చివర తెగిందా, ప్రోటీన్‌ను మధ్యలోనే ఆపే స్టాప్ పడిందా, అక్షరాలు చదివే ఫ్రేమ్ జారిందా అని వేర్వేరుగా రాస్తుంది. విచారం ఏమంటే ఆ మాటలున్న నిలువు వరుస చాలా రిపోర్టుల్లో కనబడదు. పట్టిక అందంగా ఉండాలని ఎవరో తీసేస్తారు, ఉపరకం అక్షరం ఒక్కటే మిగులుతుంది.

శాతం హద్దుల గురించి కూడా ఒక మాట. విషం 2 ఆపెరాన్ సాధారణంగా 1241 అక్షరాలు. 98 శాతం చాలు అని హద్దు పెడితే 24 అక్షరాలు మారినా ప్రోగ్రాంకు అభ్యంతరం ఉండదు. ఆ 24లో అర్థం మార్చని మార్పులే అన్నీ ఉండొచ్చు, 2సీని 2డీగా మార్చేవీ ఉండొచ్చు. హద్దు పెంచి 99.9 చేస్తే చిక్కు తీరుతుందా? తీరదు. నిరపాయమైన మార్పులున్న అసలైన 2ఏలు బయటపడిపోతాయి. సరైన హద్దు ఏ అంకె అన్న చర్చే దారి తప్పినది.

ఎందుకింత పట్టింపు అంటే

దీనికి ఎదురువాదం ఉంది, బలమైనదే. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2020లో ఏ ఉపరకమైనా తీవ్రమైన జబ్బుకు దారితీయగలదని తేల్చింది. అలాంటప్పుడు అక్షరాల కోసం తల బద్దలు కొట్టుకోవడం దేనికి? విషజన్యువు ఉందా లేదా, అంతే కదా?

ఆహారాన్ని అమ్మనివ్వాలా వద్దా అనే ప్రశ్నకు ఆ వాదన చాలావరకు సరిపోతుంది. రోగి ముందు కూర్చున్న డాక్టరుకు, వ్యాప్తిని వెంటాడే బృందానికి సరిపోదు. ఏదైనా చేయగలదు అనడం వేరు, ఏది ఎక్కువగా చేస్తుంది అనడం వేరు. ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ), డబ్ల్యూహెచ్‌ఓ నిపుణులు ప్రమాదాన్ని బట్టి 2018లో ఇచ్చిన వరుసలో అన్నిటికంటే పైన ఉన్నది 2ఏ, దానికి తోడు పేగును అంటిపెట్టుకునే ఈఏఈ లేదా ఏజీజీఆర్ జన్యువు. తరువాత 2డీ. దాని కింద ఈఏఈతో ఉన్న 2సీ, ఆ తరువాత ఈఏఈతో ఉన్న 1ఏ. మన ముడిలోని ముగ్గురూ ఆ నిచ్చెనపై మూడు వేర్వేరు మెట్ల మీద ఉన్నారు చూడండి. విడదీయడం కష్టమైన చోటే విడదీయాల్సిన అవసరమూ ఎక్కువ.

ఆ వరుసలో అంటుకునే జన్యువు ఎందుకుందో 2011లో జర్మనీ నేర్పింది. ఓ104:హెచ్4 అనే స్ట్రెయిన్ మెంతి మొలకల ద్వారా పాకింది. జర్మనీలో నమోదైన రోగులు 3,816 మంది. వారిలో 845 మందికి హెచ్‌యూఎస్, 54 మరణాలు. ఆ స్ట్రెయిన్‌లో ఈఏఈ లేదు. ఈఏఈ లేకపోతే భయం తక్కువ అన్న అప్పటి నమ్మకానికి అది చెంపపెట్టు. ఏజీజీఆర్ అదుపులో ఉండే వేరే అంటుకునే యంత్రాంగంతో అది పేగుకు పట్టుకుంది, మోసుకొచ్చిన విషం 2ఏ. కాబట్టి ఉపరకం అక్షరం ఒక్కటే జాతకం అని కూడా నేను అనను. పక్కనే ఈఏఈ, ఏజీజీఆర్ ఉన్నాయో లేవో రాయని 2ఏ రిపోర్టు అసంపూర్ణం.

2ఎఫ్ గురించి చెప్పకుండా వదలకూడదు. పావురాల్లో ఎక్కువగా కనిపించే ఈ ఉపరకం వరుస మిగతావాటికి ఎంత దూరమంటే, విషం 2ను పట్టడానికి వాడే చాలా ప్రైమర్లకు అసలు చిక్కదు. దాని కోసం విడిగా ప్రైమర్లు పెట్టని ల్యాబ్‌లో "విషజన్యువు లేదు" అన్న ఫలితానికి అర్థం "మేము వెతికినవాటిలో లేదు" అని మాత్రమే.

రిపోర్టులో ఒక వరుస ఎక్కువైనా పర్వాలేదు, ఇవి ఉండాలి: ఏ 313, ఏ 319, బీ 35 స్థానాల్లో చదివిన ఆమ్లాలు, ఏ అంకెల పద్ధతిలో లెక్కపెట్టారో, ఆపెరాన్ పూర్తిగా దొరికిందా, ఎక్కడైనా తెగిందా, ఆ స్థానాల్లో రీడ్లు చీలాయా, ఈఏఈ, ఏజీజీఆర్, డేటాబేస్ తేదీ. మూడు స్థానాల్లో ఒకటి కాంటిగ్ తెగి చదవలేకపోతే "విషం 2, ఉపరకం తేలలేదు: 2ఏ లేదా 2సీ" అని రాయడంలో నామోషీ ఏమీ లేదు. అది చదివిన డాక్టరు రోగిని 2ఏ లాగే కనిపెట్టుకుని ఉంటాడు. తప్పుగా "2సీ" అని చదివితే ఆ జాగ్రత్త ఉండకపోవచ్చు.

స్ట్రెయిన్‌ను భద్రపరచేవారికి చివరగా ఒకటి. ఫేజ్ వచ్చినట్టే పోతుంది. మాటిమాటికీ కొత్త ప్లేటు మీదికి మార్చిన కల్చర్‌లో విషజన్యువు మాయమవడం తెలిసిన సంగతే. మలం నుంచి తీసిన తొలి కల్చర్‌లో పీసీఆర్ పాజిటివ్, వారం తరువాత కాలనీలో నెగటివ్ వచ్చిందంటే మొదటి ఫలితం తప్పని వెంటనే కొట్టేయకండి. తొలి ప్లేటు నుంచి కనీసం పది కాలనీలు విడివిడిగా పరీక్షించండి. పాజిటివ్ వచ్చినదాన్ని ఆ రోజే గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి. సీక్వెన్సింగ్‌కు పంపే డీఎన్‌ఏ కూడా అదే కాలనీ నుంచి తీయండి.